ఎర్ర పలకే ఇంటికి హాల్‌మార్క్‌

అమెరికాలో ఫ్యాక్టరీ ఇళ్లను గుర్తించడం, తనిఖీ చేయడం ఎలా?

బయటి నుంచి చూస్తే అది మామూలు ఇల్లే. ముందు చిన్న వరండా, వాలు కప్పు, చుట్టూ పచ్చిక. ధర మాత్రం అదే ప్రాంతంలోని ఇతర ఇళ్లకంటే బాగా తక్కువ. అమెరికాలో స్థిరపడిన పిల్లలు ఇలాంటి ఇంటి ఫోటోలు పంపి 'కొంటున్నాం' అని చెబితే ఇక్కడి తల్లిదండ్రులు గదులెన్ని, వంటగది ఎంత, తూర్పు వాకిలేనా అని అడుగుతారు. అడగాల్సిన మొదటి ప్రశ్న మరొకటి ఉంది. ఆ ఇల్లు ఆ స్థలంలోనే కట్టినదా? లేక ఫ్యాక్టరీలో తయారై, చక్రాల మీద అక్కడికి వచ్చిందా?

ఫ్యాక్టరీలో తయారైనంత మాత్రాన ఇల్లు నాసిరకం కాదు. కానీ దానికి వర్తించే చట్టం వేరు, బ్యాంకు రుణ నిబంధనలు వేరు, తనిఖీ చేయాల్సిన భాగాలు వేరు. ఈ తేడాను తేల్చేది ఇంటి వెనుక గోడకు బిగించిన అరచేతిలో ఇమిడేంత ఎర్రటి లోహపు పలక. బంగారానికి హాల్‌మార్క్‌ ఎలాంటిదో ఈ ఇళ్లకు ఆ పలక అలాంటిది. అది లేదని డబ్బు కట్టిన తరువాత తెలిస్తే నష్టపోయేది కొనుగోలుదారుడే.

1976 జూన్‌ 15.. గీత అక్కడే

అమెరికాలో చక్రాలపై తరలించే ఇళ్లను పూర్వం 'మొబైల్‌ హోమ్స్‌' అనేవారు. వాటి నిర్మాణానికి దేశమంతటా వర్తించే నిబంధనలు అప్పట్లో లేవు. అగ్ని ప్రమాదాలు, గాలివానల్లో ఈ ఇళ్లు తేలిగ్గా దెబ్బతింటున్నాయన్న ఆందోళనతో 1974లో అక్కడి కాంగ్రెస్‌ ప్రత్యేక చట్టం చేసింది. అధ్యక్షుడు జెరాల్డ్‌ ఫోర్డ్‌ అదే ఏడాది ఆగస్టు 22న దానిపై సంతకం చేశారు. ఆ చట్టం కింద కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ నిర్మాణ ప్రమాణాలను రూపొందించింది. ఈ శాఖను అక్కడ క్లుప్తంగా 'హడ్‌' అంటారు. ఆ ప్రమాణాలు 1976 జూన్‌ 15 నుంచి అమల్లోకి వచ్చాయి.

ఆ తేదీకి ముందు తయారైనవి మొబైల్‌ హోమ్స్‌. ఆ తరువాత హడ్‌ ప్రమాణాల ప్రకారం తయారైనవి మాన్యుఫాక్చర్డ్‌ హోమ్స్‌. 1980లో కేంద్ర చట్టాల్లోనూ ఈ పేరే ఖరారైంది. జనం వాడుకలో రెండింటినీ మొబైల్‌ హోమ్స్‌ అనే అంటున్నా, బ్యాంకులు మాత్రం ఈ తేదీని కచ్చితంగా చూస్తాయి.

చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఈ ఇల్లు శాశ్వతమైన ఉక్కు చట్రం, అంటే ఛాసిస్‌ మీద నిర్మితం కావాలి. రవాణా స్థితిలో 8 అడుగులు, అంతకంటే ఎక్కువ వెడల్పుగానీ, 40 అడుగులు, అంతకంటే ఎక్కువ పొడవుగానీ ఉండాలి. లేదా స్థలంలో నిలిపిన తరువాత కనీసం 320 చదరపు అడుగుల విస్తీర్ణం ఉండాలి. ఒకే భాగంగా వచ్చేది 'సింగిల్‌ వైడ్‌', రెండు భాగాలుగా వచ్చి మధ్యలో కలిపేది 'డబుల్‌ వైడ్‌'. మూడు భాగాలవీ ఉన్నాయి.

పలక ఎక్కడుంటుంది?

హడ్‌ పలక 2 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల పొడవున్న అల్యూమినియం రేకు. ఎరుపు నేపథ్యంపై అక్షరాలు చెక్కి ఉంటాయి. కాగితంలా అంటించడం కాదు, రివెట్లతోనో స్క్రూలతోనో ఇంటి బయటి గోడకు శాశ్వతంగా బిగిస్తారు. ఇంటిని లారీ లాగుకువెళ్లేటప్పుడు వెనుక దీపాలు ఉండే చివర, ఇంటి గచ్చు మట్టం నుంచి సుమారు అడుగు ఎత్తున, అంచు నుంచి సుమారు అడుగు లోపలికి దీన్ని బిగించాలన్నది నిబంధన.

పలకపై మూడు ఆంగ్ల అక్షరాలు, వాటి తరువాత ఆరు అంకెలు ఉంటాయి. ఆ అక్షరాలు తనిఖీ సంస్థను సూచిస్తే, అంకెలు ఆ భాగానికి కేటాయించిన వరుస సంఖ్య. హడ్‌ ఆమోదించిన సంస్థల ప్రతినిధులు ఫ్యాక్టరీలో ప్రతి ఇంటినీ తయారీలో కనీసం ఒక దశలోనైనా పరిశీలించాల్సి ఉంటుంది. తయారైన రోజుకు అమల్లో ఉన్న ప్రమాణాల ప్రకారమే దీన్ని నిర్మించామని తయారీదారు ఇచ్చే హామీకి ఈ పలక గుర్తు.

ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటుంది. పలక ఇంటికి ఒకటి కాదు, భాగానికి ఒకటి. డబుల్‌ వైడ్‌ ఇంటికి రెండు, మూడు భాగాల ఇంటికి మూడు పలకలు ఉండాలి. రెండు భాగాల ఇంటికి ఒకే పలక కనిపిస్తే రెండోది ఏమైందో అమ్మకందారు చెప్పాలి.

అల్మారా తలుపు వెనుక కాగితం

బయట లోహపు పలక ఎంత ముఖ్యమో, లోపల 'డేటా ప్లేట్‌' అంత ముఖ్యం. పేరులో ప్లేట్‌ ఉన్నా ఇది సాధారణంగా కాగితమే. విద్యుత్‌ మెయిన్‌ ప్యానెల్‌ దగ్గర గానీ, వంటగది అల్మారా తలుపు లోపలి వైపు గానీ, పడకగది బట్టల అర గోడకు గానీ అంటించి ఉంటుంది. తయారీ సంస్థ పేరు, ఫ్యాక్టరీ చిరునామా, తయారీ తేదీ, మోడల్‌, సీరియల్‌ నంబరు, ఫ్యాక్టరీలో అమర్చిన ప్రధాన ఉపకరణాల వివరాలు అందులో ఉంటాయి. బయటి పలక సంఖ్య కూడా అక్కడ నమోదై ఉంటుంది. రెండూ సరిపోలాలి.

ఇల్లు ఎంత గాలికి, ఎంత మంచు బరువుకు, ఎలాంటి చలికి తట్టుకునేలా తయారైందో తెలిపే మూడు పటాలు కూడా ఆ కాగితంపైనే ఉంటాయి. ప్రాణాలకు సంబంధించిన సమాచారం ఇదే.

గాలి పటం చెప్పే సంగతి

1992 ఆగస్టు 24న ఆండ్రూ తుపాను దక్షిణ ఫ్లోరిడాను తాకింది. వేల సంఖ్యలో మొబైల్‌, మాన్యుఫాక్చర్డ్‌ ఇళ్లు నేలమట్టమయ్యాయి. ఆ అనుభవంతో హడ్‌ గాలి ప్రమాణాలను కఠినం చేసింది. అవి 1994 జులై 13 నుంచి అమల్లోకి వచ్చాయి. దేశాన్ని మూడు గాలి మండలాలుగా విభజించారు. రెండో మండలం ఇళ్లను గంటకు 100 మైళ్లు, అంటే సుమారు 160 కిలోమీటర్ల గాలికి, మూడో మండలం ఇళ్లను 110 మైళ్లు, అంటే సుమారు 177 కిలోమీటర్ల గాలికి తట్టుకునేలా రూపొందించాలి. లోతట్టు ప్రాంతాల్లో అధిక భాగం మొదటి మండలంలో ఉంది. ఫ్లోరిడా రాష్ట్రంలో మొదటి మండలమే లేదు. టెక్సాస్‌లో తీరప్రాంతమైన గాల్వెస్టన్‌ వంటి కౌంటీలు రెండో మండలంలోకి వస్తాయి.

ఎక్కువ గాలికి తయారైన ఇంటిని తక్కువ గాలి ఉండే చోట నిలపవచ్చు. దీనికి విరుద్ధంగా చేయకూడదు. లోతట్టు ప్రాంతంలో వాడిన ఇంటిని తక్కువ ధరకు కొని తీరానికి తరలించే సందర్భాల్లో ఈ నిబంధనే అడ్డు వస్తుంది. తెలియక తరలిస్తే అనుమతి దొరకదు. అనుమతి లేకుండా నిలిపితే తొలి తుపానే పరీక్ష పెడుతుంది.

కప్పు విషయమూ ఇంతే. చదరపు అడుగుకు దక్షిణ మండలంలో 20 పౌండ్లు, మధ్య మండలంలో 30, ఉత్తర మండలంలో 40 పౌండ్ల బరువును మోసేలా కప్పును రూపొందిస్తారు. 40 పౌండ్లంటే సుమారు 18 కిలోలు. దక్షిణాది ఎండల కోసం తయారైన ఇంటిని ఉత్తరాది మంచులోకి తీసుకుపోతే కప్పు మీద పేరుకునే బరువుకు అది సిద్ధంగా ఉండదు.

పలక కనిపించకపోతే..

పాత ఇళ్లలో పలక మాయం కావడం అరుదేమీ కాదు. గోడల బయటి పలకలను మార్చేటప్పుడు పనివారు దాన్ని ఊడదీసి పారేస్తారు. లేదా కొత్త పలకల కింద అది కప్పబడిపోతుంది. రంగు వేసినప్పుడు అక్షరాలు పూడిపోవడమూ ఉంది. పోయిన పలకకు బదులుగా హడ్‌ మరో పలక ఇవ్వదు. అందుకే ఉన్న పలకను అందం కోసం తొలగించకూడదు.

అయినా దారి పూర్తిగా మూసుకుపోదు. లారీకి ఛాసిస్‌ నంబరు ఉన్నట్టే ఈ ఇంటికీ ఉంటుంది. ఉక్కు చట్రంలో ముందువైపు అడ్డంగా ఉండే మొదటి దూలంపై సీరియల్‌ నంబరును అచ్చు గుద్ది ఉంచుతారు. తుప్పు, మట్టి గీకి చూస్తే చాలా సందర్భాల్లో అది కనిపిస్తుంది. ఆ నంబరుతో ఇన్‌స్టిట్యూట్‌ ఫర్‌ బిల్డింగ్‌ టెక్నాలజీ అండ్‌ సేఫ్టీ అనే సంస్థకు దరఖాస్తు చేసి, రుసుము చెల్లిస్తే పాత రికార్డులు పరిశీలించి ధ్రువీకరణ లేఖ ఇస్తుంది. పోయిన పలక స్థానంలో బ్యాంకులు సాధారణంగా ఈ లేఖను అంగీకరిస్తాయి. ఈ లేఖ తెచ్చే బాధ్యతను అమ్మకందారుపైనే ఉంచి, అది చేతికి వచ్చిన తరువాతే ఒప్పందం ముగించుకోవడం క్షేమం.

నిర్మాణం చూసి పోల్చుకోవడం

కాగితాలు లేనప్పుడు ఇంటి నిర్మాణమే సాక్ష్యం చెబుతుంది. నేలకు, ఇంటి అడుగుకు మధ్య ఖాళీని కప్పుతూ చుట్టూ బిగించిన స్కర్టింగ్‌ పలకల్లో ఒకదాన్ని తీసి టార్చిలైటు వేసి చూడాలి. ఇంటి పొడవునా సాగే రెండు ఉక్కు దూలాలు, ఇరుసులు బిగించిన గుర్తులు, లాగేందుకు వాడిన కొక్కెం లేదా దాన్ని విప్పిన ఆనవాళ్లు కనిపిస్తాయి. చక్రాలు, ఇరుసులు తీసేసినా చట్రం అలాగే ఉంటుంది. డబుల్‌ వైడ్‌ అయితే ఇంటి మధ్యలో నేల నుంచి కప్పు శిఖరం దాకా రెండు భాగాలు కలిసే అతుకు ఉంటుంది. లోపల ఆ గీత మీదుగా గోడ మందం ఎక్కువగా ఉండటం గమనించవచ్చు.

ఇదే పోలికలున్న మరో రకం 'మాడ్యులర్‌' ఇల్లు. ఇదీ ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. కానీ హడ్‌ ప్రమాణాలకు కాక, నిలిపే చోటి రాష్ట్ర, స్థానిక భవన నిబంధనలకు లోబడి ఉంటుంది. సాధారణంగా భాగాలను ట్రాలీపై తెచ్చి, క్రేనుతో పునాదిపై దించుతారు. దీనికి ఎర్ర పలక ఉండదు. రాష్ట్ర ప్రభుత్వ ముద్ర ఉంటుంది. వంటగది సింకు కింది అరలోనో విద్యుత్‌ ప్యానెల్‌ దగ్గరో దాన్ని వెతకాలి. కొన్ని మాడ్యులర్‌ ఇళ్లకూ ఉక్కు చట్రం ఉంటుంది కాబట్టి చట్రాన్ని మాత్రమే చూసి నిర్ణయానికి రాకూడదు. చివరి మాట ముద్రదే.

'పార్క్‌ మోడల్‌' అనేది మూడో రకం. విస్తీర్ణం 400 చదరపు అడుగులకు మించదు. చూడటానికి చిన్న ఇల్లులా ఉన్నా చట్టం దృష్టిలో అది విహారానికి వాడే వాహనమే. శాశ్వత నివాసానికి తగిన ఇల్లుగా దీన్ని అమ్మజూపితే జాగ్రత్త పడాలి.

అసలు పరీక్ష ఇంటి కిందే

ఈ ఇళ్లను పరిశీలించేవారు గదులకంటే ముందు ఇంటి కిందికి దూరతారు. ఫ్యాక్టరీలో ఎంత బాగా తయారైనా, స్థలంలో నిలిపినవారు తప్పు చేస్తే ఇల్లు పాడవుతుంది. 2000లో సవరించిన చట్టాన్ని అనుసరించి, కొత్త ఇళ్లను నిలిపే పద్ధతికీ హడ్‌ 2007లో నమూనా ప్రమాణాలు ప్రకటించింది.

వాటి ప్రకారం ఇంటి చుట్టూ మొదటి 10 అడుగుల మేర నేల బయటికి వాలుగా, అడుగుకు కనీసం అర అంగుళం చొప్పున పల్లంగా ఉండాలి. వాననీరు ఇంటి కిందికి చేరితే నేల మెత్తబడి, కాంక్రీటు దిమ్మెలు కుంగిపోతాయి. చట్రానికి, నేలకు మధ్య కనీసం 12 అంగుళాల ఖాళీ ఉండాలి. కింద నేలంతా మందపాటి ప్లాస్టిక్‌ షీటు పరిచి ఉండాలి. దాని అంచులు ఒకదానిపై ఒకటి అడుగు మేర కప్పాలి. లేకపోతే మట్టి తేమ పైకి వచ్చి గచ్చు చెక్కను తినేస్తుంది.

దిమ్మెలు నిటారుగా ఉన్నాయా, వాటికీ దూలానికీ మధ్య బిగించిన ముక్కలు వదులయ్యాయా చూడాలి. గాలికి ఇల్లు లేవకుండా పట్టి ఉంచే ఉక్కు పట్టీలు, నేలలోకి దించిన లంగర్లు తుప్పు పట్టకుండా బిగువుగా ఉండాలి. పట్టీ చేతితో ఊపితే వేలాడుతుంటే అది పనిచేయనట్టే.

ఇంటి అడుగున నల్లటి పొర బిగించి ఉంటుంది. దాని పైన ఇన్సులేషన్‌, నీటి పైపులు, గాలి గొట్టాలు ఉంటాయి. ఆ పొర చిరిగితే ఎలుకలు చేరతాయి, చలికాలంలో పైపులు గడ్డకడతాయి. పొర ఒకచోట సంచిలా కిందికి వేలాడుతుంటే లోపల నీరు నిలిచిందని, ఎక్కడో పైపు కారుతోందని అర్థం. డబుల్‌ వైడ్‌లో ఒక భాగం నుంచి మరో భాగానికి వేడిగాలి, చల్లగాలి చేరవేసే పెద్ద గొట్టం కింద ఉంటే, అది నేలపై పడి ఉందా, ఊడిపోయిందా గమనించాలి. బట్టలు ఆరబెట్టే యంత్రం వదిలే తేమగాలి ఇంటి కిందే ఆగిపోకుండా, స్కర్టింగ్‌ దాటి బయటికి పోవాలి.

గదుల్లో ఏం చూడాలి?

ఇల్లు ఒకవైపు కుంగితే గదులే చెబుతాయి. తలుపులు బిగుసుకుపోవడం, కిటికీలు జారకపోవడం, రెండు భాగాలు కలిసే చోట పగుళ్లు రావడం దీని లక్షణాలు. గచ్చుపై రసమట్టం పెట్టి చూస్తే సంగతి తేలుతుంది. దిమ్మెలను సరిచేసి ఇంటిని మళ్లీ సమతలానికి తేవచ్చు. దానికయ్యే ఖర్చును ముందే బేరంలో చేర్చుకోవాలి.

స్నానాల తొట్టె, టాయిలెట్‌, నీళ్లు వేడిచేసే ట్యాంకు చుట్టూ గచ్చుపై అడుగేసి నొక్కి చూడాలి. పాత ఇళ్లలో గచ్చు కింద వాడిన రంపపు పొట్టు చెక్క తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది. కాలు దిగినట్టు అనిపిస్తే లోపల కుళ్లు మొదలైనట్టే. 1978 నుంచి 1995 వరకు ఇళ్లలో విరివిగా వాడిన పాలీబ్యూటిలీన్‌ పైపులు ఎక్కువగా బూడిద రంగులో ఉంటాయి. ఇవి పగిలి నీరు కారే స్వభావం వల్ల అపకీర్తి మూటగట్టుకున్నాయి. అవి ఉంటే మార్పించే ఖర్చు లెక్కించాలి.

విద్యుత్‌ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇంట్లోని ప్యానెల్‌కు బయటి నుంచి నాలుగు తీగలు రావాలి. ప్యానెల్‌లో న్యూట్రల్‌, ఎర్త్‌ తీగలు విడివిడిగా ఉండాలి. రెండూ కలిస్తే ఉక్కు చట్రంలోకే విద్యుత్‌ ప్రవహించే ప్రమాదం ఉంది. దీన్ని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చూపించాలి. పొగ హెచ్చరిక పరికరాలు పనిచేస్తున్నాయా, పడకగది కిటికీ నుంచి ఆపదలో మనిషి బయటపడగలడా అన్నవీ పరీక్షించాల్సినవే.

తరువాత చేర్చిన వరండాలు, కారు షెడ్ల బరువు ఇంటి గోడపై పడకూడదు. వాటికి సొంత స్తంభాలు ఉండాలి. అదనపు బరువు మోసేలా ఈ గోడలను రూపొందించరు.

రుణం, హక్కు పత్రం

కేంద్ర ప్రభుత్వ గృహరుణ బీమా సంస్థ ఎఫ్‌హెచ్‌ఏ 1976 జూన్‌ 15కు ముందు తయారైన ఇళ్లకు బీమా ఇవ్వదు. స్థలంతో కలిపి గృహరుణానికి వెళ్తే, ఇల్లు శాశ్వత పునాదిపై ఉందని ఇంజినీరు ధ్రువీకరణ కూడా కోరుతుంది. పలక గానీ ధ్రువీకరణ లేఖ గానీ లేని ఇంటికి రుణం దొరకడం కష్టం. నగదు పెట్టి కొన్నా, రేపు అమ్మబోతే కొనేవారికి రుణం రాదు. చౌకగా దొరికిందనుకున్న ఇల్లు చేతిలోనే ఉండిపోతుంది.

మరో మెలిక హక్కు పత్రంలో ఉంది. చాలా రాష్ట్రాల్లో ఈ ఇంటికి మొదట వాహనానికి ఇచ్చినట్టు టైటిల్‌ పత్రం ఇస్తారు. అప్పటివరకు అది చర ఆస్తి. స్థలంతో కలిపి స్థిరాస్తిగా మార్చుకోవడానికి ఆయా రాష్ట్రాల్లో ప్రత్యేక విధానం ఉంది. ఇల్లు సొంతం, కింద నేల మాత్రం అద్దెదన్న ఏర్పాటూ అక్కడ మామూలే. చర ఆస్తిపై ఇచ్చే రుణాలకు వడ్డీ సాధారణంగా ఎక్కువ. నేల అద్దె పెరిగితే ఇంటిని మరోచోటికి తరలించడం తేలిక కాదు, చౌకా కాదు.

కొత్త ఇంట్లో లోపం బయటపడితే తయారీదారుకు, అమ్మకందారుకు రాతపూర్వకంగా తెలపాలి. ఇంటిని మొదట నిలిపిన రోజు నుంచి ఏడాదిలోగా తెలిపిన లోపాలకు ఎవరు బాధ్యులో తేల్చే వివాద పరిష్కార విధానం చట్టంలోనే ఉంది. గడువు దాటితే ఆ అవకాశం పోతుంది.

సంతకానికి ముందు

* ప్రతి భాగానికీ ఎర్ర పలక ఉందా? సంఖ్యలు రాసుకుని, ఫోటో తీసుకోవాలి.
* డేటా ప్లేట్‌లోని సంఖ్య, తయారీ తేదీ హక్కు పత్రంతో సరిపోలుతున్నాయా?
* గాలి, మంచు మండలాలు ఇల్లు ఉన్న చోటికి సరిపోతాయా?
* ఈ ఇంటిని ఇంతకుముందు ఒకచోటి నుంచి మరోచోటికి తరలించారా?
* నేల సొంతమా, అద్దెదా? ఇల్లు చర ఆస్తా, స్థిరాస్తా?
* ఇంటి కిందికి దిగి చూసిన తనిఖీదారు నివేదిక చేతికి వచ్చిందా?

ఈ ఆరింటికీ కాగితంపై సమాధానం దొరికితే ఫ్యాక్టరీ ఇల్లు తక్కువ ధరకు దొరికే మంచి గూడే. ఒక్కదానికి దొరకకపోయినా, ఆ సమాధానం వచ్చేదాకా బయానా ఇవ్వకుండా ఆగడమే మేలు.